పసుపు పెట్టినంక వాపసు లేదు

మొన్న నాచారం చౌరస్తాలో సిగ్నల్ పడింది. నా బండి పక్కన ఒక ఆటో వచ్చి ఆగింది. మామూలుగా సిగ్నల్ దగ్గర నేను ఎవరినీ చూడను, స్తంభం మీద తగ్గుతూ పోయే అంకెలను తిట్టుకుంటూ గడుపుతాను. ఆ రోజు మాత్రం చూపు ఆటో హ్యాండిల్ మీద పడింది. రెండు పిడులకూ వంకాయ రంగు ఊలు తొడుగులు. ఒకదాని అంచున చిటికెన వేలి గోరంత పసుపు రంగు అల్లిక.

"ఆ తొడుగులు ఎక్కడివన్నా?" అని అడిగాను. ఎక్కడివో నాకు తెలుసు, అయినా అడిగాను.

"ఒక పెద్దమ్మ ఇచ్చిందన్నా. ఎండకు చేతులు కాలుతున్నయని."

"ఒకటి నాకిస్తవా?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఇయ్యనీకి రాదన్నా. పసుపు పెట్టింది."

పచ్చ లైటు వెలిగింది, ఆటో వెళ్ళిపోయింది. నేను బండిని పక్కకు తీసి, ఒక టీ బండి దగ్గర ఆపి, ఒక్కడినే నవ్వుకున్నాను. ఆమె పోయి ఏడాది కావస్తోంది. నాచారంలో ఇంకా ఆమె చట్టమే నడుస్తోంది.

ఆమె మా కింది అంతస్తులో ఉండేది. అపార్టుమెంటు మొత్తానికి పెద్దమ్మ. భర్త రైల్వేలో గూడ్సు బండ్ల గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన మాత్రం ఎందుకో ఎవరికీ పెదనాన్న కాలేదు, సార్‌గానే మిగిలిపోయారు. ఉద్యోగం మొదట్లో ఆయన్ను ఉత్తరాది ఊళ్ళకు వేశారట. అక్కడ చలికాలం పొద్దున లేచి చూస్తే బకెట్లో నీళ్ళ మీద పలచగా మంచు కట్టి ఉండేదని పెద్దమ్మ చెప్పేది. పక్క క్వార్టర్ ఇల్లాలు ఆమెను ఎండలో కూర్చోబెట్టి, సీధా ఒక వరస, ఉల్టా ఒక వరస అంటూ స్వెటర్ అల్లడం నేర్పింది. తర్వాత బదిలీ అయింది, ఆ తర్వాత రిటైర్మెంటూ అయింది, నాచారంలో ఫ్లాటు వచ్చింది. సూదులు మాత్రం ఆగలేదు.

నాచారంలో చలి సంగతి వేరే చెప్పాలా. డిసెంబరులో నాలుగు రోజులు ఫ్యాను ఒక పాయింటు తగ్గిస్తాం, అదే మా చలికాలం. అలాంటి చోట ఆమె ఏడాది పొడవునా స్వెటర్లు అల్లేది. మే నెలలో కూలర్ ముందు కూర్చొని, కొంగుతో నుదుటి చెమట తుడుచుకుంటూ మంకీ క్యాప్ చెవులు అల్లేది. చూస్తున్న మనకే ఉక్కపోసేది.

"ఇది ఎవరికి పెద్దమ్మా?" అని అడిగితే, "నాకేమెర్క? ముందుగాల అల్లుత. ఆ మనిషి ఏడనో ఉంటడు. ఎనక దొర్కుతడు" అనేది.

లోకంలో అందరూ మనిషిని చూసి, కొలత తీసి, తర్వాత కుడతారు. ఆమె ముందు తొడుగు అల్లి, దానికి సరిపడే మనిషిని తర్వాత వెతికేది. అందుకని ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ ముఖం చూసేది కాదు. చెవులు చూసేది, మెడ చూసేది, భుజాలు చూసేది. ఒకసారి లిఫ్టులో నలుగురి ముందు నా వైపు అట్లాగే చూసి, "నీ తలకాయ జర పెద్దది గదా కొడుకా" అంది. ఆ వారమే నాకు టోపీ వచ్చింది. అది నా తలకు అచ్చంగా సరిపోవడంతో నా అవమానం రెట్టింపయింది.

ఊలు ఎక్కడిదంటే, మల్లాపూర్ వైపు ఒక చిన్న కంపెనీవాళ్ళు మిగిలిపోయిన దారం కండెలు అగ్గువకు అమ్మేవాళ్ళు. రంగు ఎంచుకునే అవకాశం లేదు, ఏది మిగిలితే అది. ఒక ఏడు అంతా వంకాయ రంగే వచ్చింది. ఆ ఏడు మా వాచ్‌మన్ టోపీ, పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి మఫ్లర్, ఇస్త్రీ పెట్టె పిడి, మా ఇంటి టీవీ రిమోట్ అన్నీ వంకాయ రంగే. అల్లినవన్నీ దివాన్ మంచం పెట్టెలోకి పోయేవి. పెట్టె మూత పడకపోతే ఆమె మనుషుల కోసం బయటికి వెళ్ళేది.

ఇక పసుపు సంగతి. కొత్త బట్ట కట్టుకునే ముందు మూలకు కాస్త పసుపు పెట్టడం మనందరి ఇళ్ళలో ఉన్నదే. ఊలుకు పెడితే ఉతికినప్పుడల్లా మరక పాకుతుందని పెద్దమ్మ దానికొక ఉపాయం చేసింది. ప్రతి అల్లికలోనూ ఒక మూల కొంచెం వదిలేసేది. మనిషి దొరికాక అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఆ మూలను పసుపు ఊలుతో అల్లి, ముడి వేసి, దారం పళ్ళతో తెంపేది. "పట్టు. పసుపు పెట్టిన. పసుపు పెట్టినంక వాపసు లేదు" అనేది. బట్టల దుకాణంవాళ్ళు మాత్రం పసుపు మరక కనిపిస్తే వాపసు తీసుకుంటారా? ఇదీ అంతే. పసుపు మూల పడేదాకా ఎవరైనా వద్దనవచ్చు, లిఫ్టు వదిలేసి మెట్లెక్కి పారిపోవచ్చు. పడ్డాక వద్దన్న మనిషిని నేను చూడలేదు. ఎదురుగా కూర్చొని మన కోసమే ముడి వేస్తున్న మనిషిని చూస్తూ వద్దనడం అంత తేలిక కాదు.

నాకు ఆమె పరిచయమైంది కుర్చీల వల్ల. మేము ఆ ఫ్లాటులో కొత్తగా దిగిన రోజులవి. మా ఇనుప కుర్చీలు టైల్స్ మీద జరిపితే కీచుమనేవి. ఒకరోజు తలుపు తెరిస్తే కింది అంతస్తు పెద్దావిడ, చేతిలో సంచి. గొడవకే వచ్చిందనుకొని, అద్దె కడుతున్నాం, మా ఇంట్లో మా కుర్చీలు జరుపుకుంటాం అని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నీ కుర్చీలకు సలి పెడ్తున్నట్టుంది కొడుకా" అంది. "పొద్దంత అటు ఇటు ఉరుకుతున్నయి."

లోపలికి వచ్చి కింద కూర్చుంది. సంచిలోంచి చిన్న చిన్న మేజోళ్ళు తీసి ఒక్కో కుర్చీ కాలికి తొడిగింది. పసుపు మూల కూడా అక్కడే వేసింది, కుర్చీకి ఒకటి చొప్పున. నా భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. ఆ తర్వాత మా కుర్చీలు మళ్ళీ నోరు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అంత మర్యాదగా నన్ను ఎవరూ తిట్టలేదు.

సార్ కథ వేరు. ఇంట్లో మనిషి కనుక ఆయనకు తప్పించుకునే దారే లేదు. ఎండాకాలం సాయంత్రం కూడా మెడలో మఫ్లర్‌తో బాల్కనీలో కూర్చునేవారు. "ఉడకబోస్తలేదా సార్?" అని అడిగితే, పసుపు మూల ఎత్తి చూపించి ఊరుకునేవారు. ఇన్ని తొడుక్కున్న మనిషి ఒక్క విషయంలో మాత్రం మాట వినలేదు. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. ఒకసారి కూరగాయల మార్కెట్టు దగ్గర మెట్టు తప్పి పడ్డారు కూడా. డాక్టరు కర్ర పట్టుకొని నడవమన్నాడు. పెద్దమ్మ బతిమాలింది, అలిగింది, బోడుప్పల్‌లో ఉండే కూతురితో చెప్పించింది. కూతురు ఒక కర్ర కొని తెచ్చి తలుపు పక్కన పెడితే, ఆయన దాన్ని తీసుకెళ్ళి వాచ్‌మన్‌కు ఇచ్చి వచ్చారు, కుక్కలను అదిలించడానికి పనికొస్తుందని.

"నడుస్తున్న బండి ఎక్కినోన్ని నేను. కర్ర ముసలోళ్ళకు" అనేవారు.

పెద్దమ్మకు అదొక్కటే బెంగ. తనకు సుగరుంది, బీపీ ఉంది, వాటి ఊసు ఎత్తేది కాదు. తను లేని రోజున ఈయన ఏ మెట్టు మీద పడతాడో, ఎవరు లేపుతారో అని మాత్రం సూది ఆపి అనుకునేది.

ఒక ఎండాకాలం ఆమెకు పెద్ద అదృష్టం కలిసి వచ్చింది. నాచారం పారిశ్రామిక వాడలో ఒక కోల్డ్ స్టోరేజీ ఉందని, అందులో పనిచేసేవాళ్ళకు ఏడాదంతా చలేనని ఇస్త్రీ ఆయన చెప్పాడు. ఆ మాట విన్నాక ఆమె నిలవలేదు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, చలి ఉన్న చోటు దొరికిందని చిన్నపిల్లలా సంబరపడింది. "బండి తియ్యి కొడుకా" అని మా గుమ్మంలో నిలబడింది. స్కూటరు మీద నేను, వెనక ఆమె, ఇద్దరి మధ్య స్వెటర్ల మూట. మూట వేడికి నా వీపు ఉడికిపోయింది.

గేటు దగ్గర షిఫ్టు వదిలారు. లోపలి నుంచి వచ్చినవాళ్ళు ఎండలో నిలబడి చేతులు రుద్దుకుంటున్నారు. ఎక్కువగా జనగామ, నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్ళు. పెద్దమ్మ ఒక ఆడమనిషి ముందుకు వెళ్ళి ఆమె చెవులు తేరిపార చూసింది.

"ఏంది పెద్దమ్మా, గట్ల సూస్తున్నవ్?"

"నీ చెవులకు సలి పెడ్తదా బిడ్డా?"

"పెట్టదా మరి? కంపెనీ కోటు ఇస్తది గానీ చెవులకు ఏమియ్యది."

"ఈడ కూసో."

గేటు పక్కన చెట్టు నీడలో కూర్చొని ఆమె సాయంత్రం దాకా పసుపు మూలలు అల్లింది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, చెవులు చూసి, మూటలోంచి తీసి, ముడి వేసి, దారం తెంపి ఇచ్చింది. గేటు సెక్యూరిటీ ఆయన ఎవరు మీరు, ఏంది ఇదంతా అని గట్టిగానే వచ్చాడు. ఆయనకూ ఒకటి తొడిగింది. ఖాళీ మూటగుడ్డను దులిపి మడతపెట్టినప్పుడు ఆమె ముఖంలో ఉన్న సంతోషం నేను మరెక్కడా చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు వెనక నుంచి మాట వినిపించింది. "ఊరందరికీ తొడిగిన కొడుకా. మా సారుకు ఒక్క కర్ర పట్టియ్యలేకపోయిన."

ఆమెను నవ్విద్దామని, "కర్రను కూడా ఊలుతో అల్లెయ్యి పెద్దమ్మా" అన్నాను.

ఆమె నవ్వలేదు. "సూద్దాం" అంది.

ఆమె వానాకాలంలో పోయింది. జ్వరమని దవాఖానాకు తీసుకెళ్ళారు, వారం తిరగకముందే అయిపోయింది. ఆ రోజు మా ఇంట్లో కుర్చీ జరుపుతూ కింద ఆ చిన్న మేజోళ్ళు చూసి నేను ఏడ్చాను. నాకు ఆమె రక్తసంబంధం కాదు, అయినా ఏడ్చాను, దాచుకోవాల్సిందేమీ లేదు.

దినాలు అయిపోయాక కూతురు దివాన్ పెట్టె మూత ఎత్తింది. నిండా టోపీలు, మఫ్లర్లు, స్వెటర్లు, ఏమిటో తెలియని తొడుగులు. దేనికీ పసుపు మూల లేదు. అంటే దేనికీ ఇంకా మనిషి దొరకలేదన్నమాట.

"అన్నీ మూట గట్టి ఏదన్న ఆశ్రమంల ఇద్దాం బాపూ" అంది కూతురు.

"గంపగుత్తగ ఇస్తే ఆమె ఇచ్చినట్టు గాదు" అన్నారు సార్. "ఒక్కొక్కల్ల చెవులు సూడాలె. పసుపు పెట్టాలె. నేనే పోత."

అల్లడం మాకెవరికీ రాదు. కనుక పాత పద్ధతికే దిగాం. సార్ జేబులో ఒక చిన్న స్టీలు డబ్బీ, అందులో తడిపిన పసుపు. వేలు ముంచి మూలకు రాయడం, "వాపసు లేదు" అనడం. చెవులు కొలవడం ఆయనకు చేతకాలేదు. ఇడ్లీ బండి ఆయనకు తొడిగిన టోపీ కనుబొమల దగ్గర ఆగిపోయింది, ముక్కు దాకా దిగిన టోపీలు కూడా ఉన్నాయి. వాళ్ళు అట్లాగే ఉంచుకున్నారు. పీర్జాదిగూడలో కట్టే అపార్టుమెంట్ల దగ్గర పొద్దున్నే నెగడు చుట్టూ కూర్చునేవాళ్ళకు ఇచ్చాం, తెల్లారకముందే రోడ్లు ఊడ్చేవాళ్ళకు ఇచ్చాం. సెలవు వస్తే చాలు, సార్ మూట పట్టుకొని మా గుమ్మంలో ఉండేవారు. కుడి చెయ్యి నా భుజం మీద వేసి నడిచేవారు. నా చొక్కాలన్నిటికీ భుజం మీద పసుపు వేళ్ళ మరకలే. మా ఆవిడ ఉతకడం మానేసి, "ఇవి కూడ వాపసు లేనట్టే" అంది.

నవ్వుకుంటూనే తిరిగాం గానీ నాకు లోపల భయంగానే ఉండేది. ఆ భయం ఉప్పల్‌లో నిజమయింది. వరంగల్ బస్సులు ఆగే చోట పొద్దున్నే పూలమ్మే ఆమెకు మఫ్లర్ ఇద్దామని వెళ్ళాం. ఆమె దూరం నుంచి చెయ్యి ఊపగానే సార్ నా భుజం వదిలేసి ముందుకు నడిచారు. ఫుట్‌పాత్ అంచున కాలు జారింది. ఆయన చొక్కా కాలర్ నా చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది, లేకపోతే బస్సు కిందకే. టోపీలన్నీ రోడ్డు మీద పడ్డాయి.

"జర కర్ర పట్టుకోండ్రి సార్, మీకు దండం పెడ్త" అన్నాను.

"నడుస్తున్న బండి ఎక్కినోన్నయ్యా నేను."

"అప్పుడు నడిచింది బండి సార్. ఇప్పుడు నడవాల్సింది మీరు."

పూలమ్మి మఫ్లర్ తీసుకొని, దుమ్ము పడిన టోపీలు ఏరి మూటలో వేసి ఇచ్చింది. మూట చాలా చిన్నదయింది.

సంక్రాంతి దాటి చలి పోయేసరికి పెట్టె అడుగు కనబడింది. ఆ ఆదివారం కూతురు బోడుప్పల్ నుంచి వచ్చింది, నా భార్యా నేనూ కిందే ఉన్నాం. అడుగున పరిచిన పాత దుప్పటి ఎత్తితే, దాని కింద ఇంకొకటి దొరికింది. వంకాయ రంగు. జానెడు పొడవు, ఒక కొస మూసి ఉంది, మధ్యలో వంపు తిరిగి ఉంది. మేజోడు అనుకుందామంటే మడమ లేదు.

"మోచేతికేమో" అంది కూతురు.

"గొడుగు పిడికి గావచ్చు" అన్నాను.

నా భార్య దాన్ని తీసుకొని తిప్పి చూసింది. చూసి, సార్ చేతిలో పెట్టింది. అంచున పసుపు మూల ఉంది. పసుపు ఊలుతో అల్లి, గట్టిగా ముడి వేసి, దారం పళ్ళతో తెంపిన మూల. పెట్టె మొత్తంలో మనిషి దొరికింది దీనికొక్కదానికే.

సార్ ఆ తొడుగులోకి చూపుడు వేలు దూర్చారు. వేలు వంపు దగ్గర ఆగింది. కర్ర పిడి ఎలా వంగి ఉంటుందో ఆయనకు మా అందరికంటే బాగా తెలుసు, ఎన్నిసార్లు వద్దని తోసేశారో ఆయనకే ఎరుక. పసుపు ముడిని బొటనవేలితో చాలాసేపు తడిమారు.

"పెట్టేసి పోయింది" అన్నారు.

కూతురు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "ఇగ వాపసు లేదు బాపూ."

ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. "బండి తియ్యవయ్యా" అన్నారు నాతో, అచ్చం ఆమె అన్నట్టే.

ఉప్పల్‌లో మోకాలి పట్టీలు, నడుం బెల్టులు అమ్మే దుకాణానికి వెళ్ళాం. మూడు మెట్లెక్కాలి, నా భుజం పట్టుకొని ఎక్కారు. దుకాణం అబ్బాయి కర్రలు తెచ్చి వరసగా నిలబెట్టాడు. సార్ కర్ర పొడవు చూడలేదు, బరువు చూడలేదు. జేబులోంచి తొడుగు తీసి ఒక్కో కర్ర పిడికి తొడిగి చూడసాగారు. ఒకటి లావయింది, ఒకటి వదులయింది. దుకాణం అబ్బాయి కాసేపు ఓపిక పట్టాడు.

"సార్, ముందుగాల కర్ర సూస్కోండ్రి. తొడుగుదేముంది, ఎనక సూస్కోవచ్చు."

"మా ఇంట్ల గట్ల గాదు" అన్నారు సార్, ఇంకో కర్ర అందుకుంటూ. "ముందుగాల తొడుగు. ఎనక మనిషి."

ఆ కర్రకు తొడుగు సరిపోయింది. పసుపు మూల బొటనవేలి కిందికి వచ్చింది. నేను అలవాటు కొద్దీ భుజం వంచి నిలబడ్డాను. ఆయన నన్ను దాటుకొని, కర్ర ఆనించి, ఒక్కొక్క మెట్టూ దిగి రోడ్డు మీదకు వెళ్ళారు.